సిజేరియన్ తర్వాత నార్మల్ డెలివరీ కావాలంటే: ముందే చూసుకోవాల్సినవి

- పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతికి పెట్టుకోండి. పొట్ట మీద మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన గర్భసంచి మీద కోత కూడా అడ్డంగానే ఉందనుకోకండి. లోపల పైభాగంలో నిలువు కోత పడి ఉంటే ఈ ఆలోచన మానుకోవాల్సిందే.
- ఒక సిజేరియన్ అయినవారిలో నొప్పులప్పుడు గర్భసంచి మీది పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. రెండు అయ్యుంటే డాక్టరుతో ఇంకా వివరంగా మాట్లాడాలి.
- అర్ధరాత్రైనా థియేటర్, మత్తు డాక్టర్, రక్తం సిద్ధంగా ఉండే ఆసుపత్రేనా? మొహమాటపడకుండా అడగండి.
- నొప్పుల కోసం మందు పెడతామంటే ఏ మందో కనుక్కోండి. మిసోప్రోస్టాల్ వద్దు.
- ముహూర్తం సంగతి ఇంట్లో ముందే తేల్చేయండి. నొప్పులు పంచాంగం చూసి రావు.
- నొప్పులు మొదలైతే ఇంట్లో ఆగకండి. కుట్టు దగ్గర ఆగని నొప్పి, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం... ఏది కనిపించినా వెంటనే చెప్పండి.