పాడ్‌కాస్ట్ చేద్దాం రండి – 4వ పాఠం: వినేవాళ్ల చేత మాట్లాడించడం

పోయిన పాఠంలో అల్మరా ముందు దుప్పటి వేలాడదీసి రికార్డు చేయడం, ఊపిరి చప్పుళ్లు తీసెయ్యడం చూశాం. గొంతు శుభ్రంగా వస్తోంది కదా, ఇక అసలు పని. ఒకసారి విన్నవాళ్లు వచ్చే వారం కూడా రావాలి, వాళ్లంతట వాళ్లే ఇంకొకరికి చెప్పాలి. అందుకు ప్రచారం కంటే ముందు వాళ్ల గొంతుకి మీ కార్యక్రమంలో చోటుండాలి. ఈ పాఠమంతా దాని గురించే.

నాది ఊరి పేర్ల మీద పాడ్‌కాస్ట్ అని మొదట్లోనే చెప్పాను. మొదటి పది ఎపిసోడ్లూ "మీ అభిప్రాయాలు తెలియజేయండి, నచ్చితే షేర్ చేయండి" అని ముగించాను. ఒక్కరూ పలకలేదు. పలకరు కూడా, ఎందుకంటే అభిప్రాయం అనగానే పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది, ఏం చెబితే ఏం తప్పో అని జంకుతారు. పదకొండో ఎపిసోడ్ కోనసీమ లంకల గురించి. లంక అంటే గోదావరి పాయల మధ్య ఉండే నేల, వరదొస్తే ముందు నీళ్లు చేరేది అక్కడే. ఆ ఎపిసోడ్ చివర అభిప్రాయం అడగలేదు. "నీళ్లు వాకిట్లోకి వచ్చేస్తున్నాయంటే మీ ఇంట్లో ముందుగా ఏది పైకెక్కించేవాళ్లు?" అని అడిగి, వాట్సాప్ నంబరు చెప్పి ఆపేశాను.

ఆ వారం నాలుగు వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. ఒక పెద్దావిడ "ముందు పాలిచ్చే గేదెని ఏటిగట్టు మీదికి తోలేసేవాళ్లం బాబూ, ఆ తర్వాత బియ్యం బస్తా అటకెక్కించడం..." అని చెబుతుండగా వెనకాల కుక్కర్ కూతేసింది. "ఉండండి, స్టవ్ కట్టేసొస్తా" అని వెళ్లి, గాజుల చప్పుడుతో తిరిగొచ్చి, ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకున్నారు. ఆ కూత నేను తీసెయ్యలేదు. మరుసటి వారం ఎపిసోడ్ ఆవిడ గొంతుతోనే మొదలైంది. ఆవిడ ఆ లింకు కూతుళ్లకీ తోడికోడళ్లకీ పంపారు, వాళ్లలో ఒకరు "మా ఇంట్లో గేదె కాదు, ముందు విత్తనాల కుండ" అని చెప్పారు, అది విని అమెరికాలో ఉన్న ఒకాయన వాళ్ల తాతగారి నాటు పడవ గురించి రెండు నిమిషాలు మాట్లాడి పంపారు. వాళ్లలో వాళ్లే ఒకరి మాటకి ఒకరు జవాబు చెప్పుకుంటున్నారు. నాకు కావలసింది ఇదేనని అప్పుడు తెలిసింది.

కాబట్టి ప్రశ్న తయారుచేయడం నేర్చుకోండి, మైక్ కొనడం కంటే ఇది ముఖ్యం. జవాబు వాళ్ల ఇంట్లోంచే రావాలి, దాని కోసం ఎవర్నీ అడగక్కర్లేకుండా, ఏదీ వెతకక్కర్లేకుండా ఉండాలి. అవును, కాదు అనే మాటతో అయిపోకూడదు. నిమిషంలో చెప్పేయగలగాలి. వంటల పాడ్‌కాస్ట్ అయితే "మీకిష్టమైన పచ్చడి ఏది?" అని అడగకండి, ఆవకాయ అంటారు, అక్కడితో సరి. "ఆవకాయ కలిపిన పళ్లెంలో వేడన్నం కలుపుకుని తినే వంతు మీ ఇంట్లో ఎవరిది?" అని అడగండి, అన్నదమ్ముల తగాదాలన్నీ బయటికొస్తాయి. ఉద్యోగాల గురించి చేస్తుంటే "ఇంటర్వ్యూ టెన్షన్ ఎలా తగ్గించుకోవాలి?" అనేది మీరు చెప్పాల్సిన విషయం, వాళ్లని అడగాల్సింది కాదు. వాళ్లని మొదటి జీతంతో ఇంటికి ఏం తీసుకెళ్లారో అడగండి.

ఇది మనకేం కొత్త కాదు. రేడియోకి కార్డు ముక్క రాసి, తమ పేరూ ఊరిపేరూ చదువుతారేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లలకి కథలు వినిపించడంతో ఆగలేదు, పిల్లల చేతే పాడించారు, మాట్లాడించారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో ఇంకా ముందుకెళ్లింది. దాన్ని నడిపేది దళిత మహిళలు, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే విత్తనాల గురించీ పంటల గురించీ అందులో మాట్లాడతారు, పాటలు పాడతారు. వినేవాళ్లూ మాట్లాడేవాళ్లూ ఒకే ఊళ్లవాళ్లయినప్పుడు ఆ రేడియోని ఎవరూ పరాయిదనుకోరు. మీ పాడ్‌కాస్ట్ చిన్నదైనా సరే, అందుకోవాల్సింది ఆ స్థాయినే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక పని సంగతులు. దీనికోసం వేరే సిమ్ తీసుకోండి, సొంత నంబరు ఇవ్వొద్దు. మెసేజ్ వచ్చిన రోజే జవాబివ్వండి, అదీ టైప్ చేసి కాదు, మీ గొంతుతో, పది పదిహేను సెకన్లు చాలు. ప్రసారం చేయొచ్చా, పేరు చెప్పొచ్చా అని విడివిడిగా అడగండి, ఎందుకంటే గొంతు వినిపించడానికి ఒప్పుకున్నవాళ్లంతా పేరుకి ఒప్పుకోరు. వాట్సాప్ ఆడియో ఓపస్ ఫైల్‌గా వస్తుంది, కొన్ని ఎడిటింగ్ యాప్‌లు దాన్ని తెరవవు, ముందు వావ్ (WAV) ఫైల్‌లోకి మార్చుకోండి. వాళ్ల గొంతు సాధారణంగా మీదానికంటే తగ్గి వినిపిస్తుంది. బండి మీద ఇయర్‌ఫోన్స్‌తో వినేవాళ్లకి ఆ తేడా చిరాకు పుట్టిస్తుంది, కాబట్టి రెండూ ఒకే స్థాయికి తెండి. మొత్తం ఎపిసోడ్ -16 లఫ్స్ (LUFS, గొంతు ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత, ఎడిటింగ్ యాప్‌లో కనిపిస్తుంది) దగ్గర ఉంటే ఆపిల్ పాడ్‌కాస్ట్స్ అడిగేదానికి సరిపోతుంది.

వాళ్ల గొంతు ఎపిసోడ్ మొదట్లోనే పెట్టండి, చివర్లో కాదు. స్పాటిఫై డ్యాష్‌బోర్డులో జనం ఎక్కడ జారుకుంటున్నారో గీత కనిపిస్తుంది. నాది చూసుకుంటే సంగీతం, స్వాగతం అయ్యేలోపే చాలామంది వెళ్లిపోతున్నారు, అంటే చివర్లో పెట్టిన గొంతు వాళ్లెవరూ వినలేదు!

అందర్నీ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టేద్దామని అనిపిస్తుంది, నేనూ పెట్టాను. రెండు వారాల్లో గుడ్ మార్నింగ్ పూలూ, పార్టీల ఫార్వర్డులూ నిండిపోయి, లంకల గురించి చెప్పినవాళ్లే ముందు బయటికెళ్లారు. అందులో నాకిష్టమైన ఒక రైతుగారూ ఉన్నారు, ఆయన్ని మళ్లీ తీసుకురావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పట్నుంచి నేను మాత్రమే రాసే ఛానెల్ ఒకటి, వాళ్లు నాకు విడిగా పంపడానికి నంబరు ఒకటి, అంతే. పేరు, ఊరు, ఏ ఎపిసోడ్‌కి మాట్లాడారు అనేవి మాత్రం ఒక పుస్తకంలో మీ దగ్గరే రాసి పెట్టుకోండి. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడింది, రేపు ఇంకోటి మూతపడొచ్చు. ఏ యాప్ పోయినా ఆ పుస్తకం ఉంటే వాళ్లని మళ్లీ పిలవగలరు.

ఈ వారం మీ పని: మీ తర్వాతి ఎపిసోడ్ కోసం ఐదు ప్రశ్నలు రాయండి. మీ పాడ్‌కాస్ట్ విననివాళ్లని ఇద్దర్ని కూర్చోబెట్టి, మామూలు కబుర్లలా ఒక్కొక్కటే అడగండి. "ఏమో, ఆలోచించి చెప్తా" అన్న ప్రశ్న కొట్టేయండి. దేనికి వాళ్లు ఆలోచించకుండా మొదలుపెట్టి, టీ చల్లారిపోతున్నా ఆపకుండా చెబుతారో ఎపిసోడ్ చివర ఆ ప్రశ్న పెట్టండి. వచ్చిన మెసేజ్‌లు ఒక్కటి కూడా తుడిచెయ్యొద్దు, వాటిలో ఏది ఎంత కోయాలో, ఏది అస్సలు కోయకూడదో ఐదో పాఠంలో వాటినే ముందు పెట్టుకుని చూద్దాం.