ఐఎల్-2 సీసా తెరిచే ముందు

ల్యాబులో టీ కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలు) పెంచడానికి వాడే ప్రోటీను ఐఎల్-2. రీకాంబినెంట్ హ్యూమన్ ఐఎల్-2, అంటే మనిషి జన్యువుతో ల్యాబులో తయారుచేసినది, సీసాగా చేతికి రాగానే చాలామందికి కలిగే అనుమానం ఒకటే: లోపల ఏమీ లేదే! 50 మైక్రోగ్రాముల పొడి కంటికి ఆనదు. అడుగునో, గోడకో, మూతకో పల్చటి పొరగా అంటుకుని ఉంటుంది.

పార్శిల్లో ఐసు కరిగి వచ్చిందని కంగారు వద్దు. పొడి రూపంలో ఉన్న ప్రోటీను కొద్ది రోజుల గది వేడిని తట్టుకుంటుంది. కరిగించాకే సుకుమారం.

ఒడిశా తీరంలో బరంపురం, ఛత్రపురం వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ఫ్రీజర్లోంచి తీసిన సీసా మూత వెంటనే తీస్తే చల్లటి గ్లాసుకు చెమట పట్టినట్టే పొడికీ నీరు పడుతుంది. మూత తియ్యకుండా 20 నిమిషాలు బల్ల మీద ఉంచండి. తర్వాత పొడి అడుగుకు చేరేలా సెంట్రిఫ్యూజ్‌లో అర నిమిషం తిప్పి, అప్పుడు తెరవండి.

దేనితో కరిగించాలో సీసాతో వచ్చిన కాగితం చెబుతుంది, దాన్నే నమ్మండి. ఐఎల్-2 నీటిని అంతగా ఇష్టపడదు, పీహెచ్ 7 దగ్గర గడ్డలు కడుతుంది. అందుకే చాలా కంపెనీలు 100 మిల్లీమోలార్ ఎసిటిక్ ఆమ్లం వాడమంటాయి. 10 మి.లీ. శుద్ధజలంలో 57 మైక్రోలీటర్ల గ్లేషియల్ (నీరు కలపని) ఎసిటిక్ ఆమ్లం కలిపి 0.22 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టండి. (కోరాపుట్ చలికాలంలో ఆ ఆమ్లం సీసాలోనే గడ్డకడుతుంది, 16.6 డిగ్రీలు చాలు దానికి. గోరువెచ్చటి నీళ్లలో పెడితే కరుగుతుంది.) వడకట్టాల్సింది ఆమ్లాన్నే. ప్రోటీను కలిపాక వడకడితే సగం ఫిల్టరుకే అంటుకుపోవచ్చు.

వడకట్టిన ఆమ్లం 500 మైక్రోలీటర్లు సీసా గోడ వెంబడి మెల్లగా వదలండి. వోర్టెక్స్ (గిరగిరా కుదిపే యంత్రం) వద్దు, నురగ వచ్చిందంటే గాలి తగిలిన చోటల్లా ప్రోటీను విప్పుకుపోతున్నట్టే. పావుగంట అలా వదిలి, సీసాను వంచి తిప్పితే చాలు. ఇప్పుడు మి.లీ.కు 100 మైక్రోగ్రాములు. ఇంత పల్చటి ప్రోటీను ప్లాస్టిక్కు అంటుకుని మాయమవుతుంది కాబట్టి, 10 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీను) ద్రావణం 5 మైక్రోలీటర్లు చేర్చండి.

ప్రోటీను అంటని రకం ట్యూబుల్లో 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టండి. మంచు తానే కరిగించుకునే ఇంటి ఫ్రీజరు పనికిరాదు, అది మధ్యమధ్య వేడెక్కుతుంది. కరిగించిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించొద్దు. పొదుపు పేరుతో ఇక్కడ పోయేంత సరుకు ఇంకెక్కడా పోదు.

మోతాదు లెక్క: మిల్లీగ్రాముకు కోటి ఐయూ (ప్రోటీను పనితనాన్ని కొలిచే యూనిట్లు) అనుకుందాం (లాటును బట్టి మారుతుంది, సర్టిఫికెట్ చూడండి). స్టాకు మి.లీ.కు 10 లక్షల ఐయూ. 10 మి.లీ. కల్చరులో మి.లీ.కు 50 ఐయూ కావాలంటే మొత్తం 500 ఐయూ, అంటే అర మైక్రోలీటరు. ఏ పిపెట్టూ దాన్ని నిజాయితీగా కొలవదు. 10 మైక్రోలీటర్ల స్టాకును సీరం ఉన్న 990 మైక్రోలీటర్ల మీడియంలో (కణాలు పెరిగే ద్రవం) కలిపి, అందులోంచి 50 మైక్రోలీటర్లు వేయండి. కణాలు దాన్ని తినేస్తాయి, 2–3 రోజులకోసారి మళ్లీ వేయాలి.

టీ కణాలు పెరగకపోతే ప్రోటీను చచ్చిందని తీర్మానించకండి. విశ్రాంతిలో ఉన్న కణాల మీద సీడీ25 (ఐఎల్-2 గ్రాహకంలో ఒక భాగం) తక్కువ, ఐఎల్-2ను పట్టుకునే చెయ్యే సరిగా ఉండదు. ముందు యాంటీ-సీడీ3 (టీ కణాన్ని ప్రేరేపించే యాంటీబాడీ)తోనో పీహెచ్ఏ (చిక్కుడు జాతి గింజల ప్రోటీను)తోనో లేపాలి. దీనికి తలకిందులైన సమస్య మోనోసైట్లతో (మరో రకం తెల్ల రక్తకణాలు): ప్రోటీను ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసిందైతే అందులో మిగిలిన ఎండోటాక్సిన్‌కే (ఆ బ్యాక్టీరియా గోడలోని విషపదార్థం) అవి రెచ్చిపోవచ్చు. కొంచెం ఐఎల్-2 ద్రావణాన్ని 95 డిగ్రీల్లో అరగంట ఉడికించి పక్కన ఒక కంట్రోలు పెట్టండి. ఉడికాకా అదే స్పందన వస్తే అనుమానం ఎండోటాక్సిన్ మీదకే. అది వేడికి లొంగదు.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఈ తీరానికి అక్టోబరు అంటే కరెంటు పోయే నెల. ట్యూబులు రెండు ఫ్రీజర్లలో సగం సగం ఉంచండి, ఖాళీ అరల్లో జెల్ ప్యాకులు నింపండి, కరెంటు పోయాక తలుపు తెరవకండి.