పదవీ విరమణ తర్వాత ఆలుమగలు విదేశీ పరిచర్యకు వెళ్లడం ఎలా?

మాది హనుమకొండ. మావారు ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారుగా, నేను స్టాఫ్ నర్సుగా పదవీ విరమణ చేశాం. పిల్లల పెళ్లిళ్లయ్యాక మా క్రైస్తవ సంఘం తరఫున కెన్యాలోని కిసుము పట్టణానికి వెళ్లి పద్దెనిమిది నెలలు పరిచర్య చేసి వచ్చాం. అప్పటి నుంచి కాజీపేట, జనగామ, మహబూబాబాద్ సంఘాల్లోని మా ఈడువాళ్లు అడుగుతూనే ఉన్నారు. "అక్కా, ఈ వయసులో అక్కడ ఎలా ఉండగలిగారు? ఏం తిన్నారు? పొద్దస్తమానం ఏం చేసేవారు?" బోధ సంగతి అడిగేవాళ్లు తక్కువ. వాళ్లు అడుగుతున్నదే సరైన ప్రశ్న అని నా నమ్మకం. అరవై దాటినవాళ్ల పరిచర్య ముందు వంటింట్లో, మందుల డబ్బాలో, ఆలుమగల మాటల్లో నిలదొక్కుకోవాలి. అది కుదిరాకే మిగతావన్నీ. అందుకే ఆ వరుసలోనే చెబుతాను.

1. ఇద్దరూ విడివిడిగా ఒప్పుకోండి

ఒకరి ఉత్సాహం మీద ఇద్దరూ బయలుదేరకూడదు. మేం ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక చెరో కాగితం తీసుకుని, వెళ్లడానికి ఏది అడ్డమో రాసుకున్నాం. నేను "మనవడు" అని ఒక్క మాటే రాశాను. ఆయన "మోకాళ్లు, నీ నిద్ర" అని రాశారు. నాకు నిద్ర పట్టని సంగతి ఆయన అంత లెక్కపెట్టుకుంటున్నారని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ రెండు కాగితాలూ పిల్లల ముందు పెట్టి మాట్లాడాం. వాళ్లు మనసారా సరే అన్నాకే పాస్టరయ్యగారికి మాట ఇచ్చాం.

2. ఒంటిని సిద్ధం చేసుకోండి

పళ్లు, కళ్లు, గుండె, షుగరు, బీపీ పరీక్షలన్నీ మూడు నెలల ముందే చేయించుకోండి. కంట్లో శుక్లం ఉంటే ఆపరేషన్ ఇక్కడే అయిపోవాలి. ఎల్లో ఫీవర్ టీకా సంగతి చాలామందికి తెలియదు. కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ టీకా పత్రం లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. అయితే అరవై దాటినవాళ్లలో ఈ టీకాకు తీవ్రమైన దుష్ఫలితాలు కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. మీ వైద్యుడితో మాట్లాడకుండా వేయించుకోవద్దు.

మందుల చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ అంటే ఏ దేశంలోనైనా దుకాణదారుడికి తెలుస్తుంది. మనం ఇక్కడ అలవాటుగా చెప్పే కంపెనీ పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. మందులు పెద్ద పెట్టెలో వేయకండి, చేతిసంచిలోనే ఉండాలి.

కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది. ఆ చుట్టుపక్కల మలేరియా ఎక్కువ. ఏటూరునాగారం వైపు పనిచేసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. దోమతెర కట్టకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకండి. జ్వరం వస్తే "రేపు చూద్దాం" అనుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి.

3. కాగితాలు, పింఛను

సందర్శకుల అనుమతి మీద వెళ్లి పరిచర్య చేయకూడదు. కెన్యాలో మత, ధార్మిక సేవకు విడిగా 'ఐ' (I) తరగతి అనుమతి ఉంది. మిమ్మల్ని పిలిచే సంఘంతో దానికి దరఖాస్తు పెట్టించండి. పింఛనుదారులు ఏటా ఇవ్వాల్సిన జీవన ధ్రువీకరణ పత్రం విదేశం నుంచి ఎలా పంపాలో ట్రెజరీ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి. బ్యాంకు పంపే ఓటీపీలు ఇక్కడి నంబరుకే వస్తాయి కాబట్టి ఆ సిమ్ బతికి ఉండాలి. రోమింగ్ ఇక్కడి నుంచే పెట్టించుకుని వెళ్లండి.

4. పెట్టె సర్దడం

మనం అన్నీ ప్లాస్టిక్ కవర్లలో చుట్టి సర్దుతాం. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. మా కోడలు పాత చీర చింపి పన్నెండు సంచులు కుట్టి ఇచ్చింది. ఏ విత్తనాలూ తీసుకెళ్లకండి, వాటికి ప్రత్యేక అనుమతి కావాలి. గోంగూర విత్తనాలు మూట కట్టి, చివరి రాత్రి తీసేశాను.

పప్పులు, ఆవాలు, పసుపు మోయనక్కర్లేదు. 1901లో రైలుమార్గం కిసుము చేరింది. ఆ రోజుల నుంచీ మన దేశపువాళ్లు అక్కడ స్థిరపడి దుకాణాలు నడుపుతున్నారు. కెన్యా అంతటా మాట్లాడే స్వాహిలి భాషలో కొట్టును "దుకా" అనే అంటారు. కుక్కర్ మాత్రం తీసుకెళ్లండి, దానికి రెండు అదనపు రబ్బర్లు కూడా. ఇంకొకటి, చపాటా మిర్చి కారం. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటాకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. కారం అలవాటులేని అతిథికి కూర ఎర్రగా వండి, కన్నీళ్లు రాకుండా పెట్టగలిగాను.

5. మొదటి నెల వినండి, నేర్చుకోండి

తిరునెల్వేలి నుంచి 1909లో డోర్నకల్‌కు పరిచర్యకు వచ్చిన అజరయ్యగారు తమిళులు. ముందు తెలుగు నేర్చుకున్నారు. 1912లో బిషప్ అయ్యారు. మన నేల మీదే కనిపించే ఈ ఆదర్శాన్ని మనం బయటికి వెళ్లినప్పుడు మరిచిపోకూడదు. కిసుములో ఎక్కువమంది మాట్లాడేది లువో భాష. బజారులో కూరగాయల గంప ముందు నిలబడి "అమోసి" అని పలకరిస్తే, వెళ్లేటప్పుడు "ఎరోకమానో" అని కృతజ్ఞత చెబితే ఆ అమ్మ ముఖం వెలిగిపోతుంది. ఆ రెండు మాటలకే మాకు ఒక స్టూలు, ఒక కప్పు టీ దొరికాయి.

గంటల లెక్క కూడా నేర్చుకోవాలి. స్వాహిలిలో గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కిస్తారు, మన పెద్దలు జాములు లెక్కించినట్టే. ఉదయం ఏడు అంటే వాళ్లకు ఒకటో గంట. పక్కింటి ఆమె భోజనానికి "సా తీసా"కు రమ్మంది. తీసా అంటే తొమ్మిది. ఉదయం తొమ్మిదికి ఇస్త్రీ చీరలో నేను, చేతిలో అరటిపళ్లతో ఆయన ఆమె గుమ్మంలో నిలబడ్డాం. ఆమె చేతుల నిండా సబ్బునురుగు, ముందు బట్టల బకెట్. ఆమె పిలిచింది మధ్యాహ్నం మూడింటికి! అయినా చేతులు తుడుచుకుని కుర్చీలు వేసింది. మేం వెళ్లిపోతామంటే ఒప్పుకోలేదు. నేను ఆమెతోపాటు బట్టలు ఆరేశాను. మా స్నేహం ఆ దండెం దగ్గరే మొదలైంది.

6. అక్కడి తిండిని మీ తిండి చేసుకోండి

వాళ్ల ముఖ్యాహారం ఉగాలి. మరిగే నీళ్లలో తెల్ల మక్కపిండి పోసి, కర్రతో కలిపి, గట్టిగా ముద్ద చేస్తారు. మా అమ్మ వండిన మక్కగట్కకు అది చుట్టమే, కాకపోతే ఇంకా గట్టిగా ఉంటుంది. చేత్తో చిన్న ముద్ద తీసి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, ఆ గుంటతో కూర ఎత్తుకుని తింటారు.

ఒక రోజు పక్కింటి ఆమె "దెక్" అనే ఆకుకూర తెచ్చింది. అయిదేసి చిన్న ఆకులు, చేదు వాసన. వాసన చూడగానే నాకు మా పుట్టింటి చేనుగట్టు గుర్తొచ్చింది. అది వామింట! మనం కలుపుమొక్కని పీకేసే ఆకును వాళ్లు మళ్లు కట్టి పెంచుతారు. చేదు తగ్గడానికి పాలు పోసి వండుతారు. మర్నాడు నేను అదే ఆకు పప్పులో వేసి తీసుకెళ్లాను. ఆమె గిన్నె ఖాళీ చేసి, ఎలా వండాలో అడిగింది. అప్పటి నుంచి వారానికొకసారి ఒకరి పొయ్యి దగ్గర ఇంకొకరం.

7. రోజుకు ఒక కట్టుబాటు పెట్టుకోండి

యువకులతో పోటీపడకండి. అయిదింటికి లేచి ప్రార్థన, కాసేపు నడక. ఎనిమిదిన్నర నుంచి పన్నెండు వరకు పని. భోజనం, కునుకు. నాలుగింటికి ఒక్క ఇంటికి మాత్రం వెళ్లేవాళ్లం. భూమధ్యరేఖ దగ్గర కాబట్టి ఏడాది పొడవునా పొద్దు ఇంచుమించు ఒకే వేళకు, ఏడు గంటలలోపే గుంకుతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరాలి. మన గడియారం వాళ్లకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం అయిదున్నరకు ఫోన్ చేస్తే ఇక్కడ ఎనిమిది, మనవడి అన్నం వేళ. వారంలో ఒక రోజు ఏ పనీ పెట్టుకోలేదు.

పని అంటే మావారు బడి పిల్లలకు లెక్కలు చెప్పేవారు, సంఘం జమాఖర్చుల పుస్తకం సరిచేశారు. నేను బీపీ చూసేదాన్ని, తల్లులకు విరేచనాల మందునీళ్లు కలపడం నేర్పేదాన్ని. లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, అన్నీ చెంచా అంచు మట్టానికి సరిగ్గా. వైద్యం కోసం వచ్చినవాళ్లను ప్రార్థనకు కూర్చోవాలని ఎన్నడూ అడగలేదు. అడిగినవాళ్లతో మాత్రం కూర్చున్నాను. ఈ విషయంలో నేను రాజీపడను. నొప్పితో ఉన్న మనిషికి షరతు పెట్టడం పరిచర్య కాదు.

8. డబ్బు, కోపతాపాలు

అక్కడ ఫోనులోనే ఎమ్‌పెసాతో డబ్బు పంపుకుంటారు, 2007 నుంచీ ఉంది. సులువు కాబట్టే జాగ్రత్త. మావారు జాలిపడి ఒక అబ్బాయికి నాకు చెప్పకుండా ఫీజు పంపారు. వారంలో మరో నలుగురు వచ్చారు. మా ఇద్దరికీ గట్టిగా మాటపట్టింపు వచ్చి రెండు పూటలు మాట్లాడుకోలేదు. చివరికి ఆయనే వచ్చి, "నీకు చెప్పకుండా పంపడం నా పొరపాటు" అన్నారు. ఆ తర్వాత ఇవ్వాలనుకున్నది సంఘ పెద్దల చేతికే ఇచ్చాం.

నలభై ఏళ్లు చెరో డ్యూటీకి వెళ్లినవాళ్లం, ఒక్కసారిగా ఇరవైనాలుగు గంటలూ ఒకే గదిలో ఉండాలంటే కష్టమే. రోజుకొక గంట విడివిడిగా గడపండి. ఆయన సరస్సు వైపు వెళ్లేవారు, నేను పక్కింటికి.

9. తిరిగి వచ్చేటప్పుడు

నెల ముందు నుంచే పనులు అక్కడివాళ్లకు అప్పగించండి. లెక్కల తరగతి ఒక యువకుడికి, బీపీ మిషన్ అక్కడి నర్సుకు ఇచ్చాం. కుక్కర్ పక్కింటి ఆమెకు ఇచ్చాను. అందులో ఆమె చిక్కుడు గింజలు ఉడికిస్తోంది. మొన్న ఫోన్ చేసి, ఆవిరంతా పక్కనుంచి పోతోందని చెప్పింది. వచ్చే నెల కాజీపేట నుంచి మరో దంపతులు అక్కడికే వెళ్తున్నారు. వాళ్ల పెట్టెలో రెండు రబ్బర్లు పెట్టి పంపుతున్నాను, గుడ్డసంచిలో.