పాత అంబాసిడర్ స్టీల్ పట్టీల మీద గీతలు తీయడం

ముందు ఆ పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలా, క్రోమ్ పూతా చూసుకోండి. పొక్కులు, కింద తుప్పు కనపడితే పూతే, అది చాలా పల్చగా ఉంటది కాబట్టి వాటర్ పేపర్ (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) పెట్టి రుద్దితే గీత కాదు పూతే పోతది, మళ్ళీ ప్లేటింగ్‌కి ఇవ్వాల్సిందే. మా బండి బంపర్ మూల నేను ఇట్లనే పాడు చేసిన, నాన్న ఇప్పటికీ దెప్పుతనే ఉంటడు.

స్టీల్ అయితే భయం లేదు. పక్కన పెయింట్‌కి మాస్కింగ్ టేప్ రెండు వరుసలు వేయండి. గీత మీద గోరు లాగితే గోరు అందులో ఆగుతుందంటే, 600 నంబర్ వాటర్ పేపర్‌తో మొదలుపెట్టండి, లేదంటే 1000 చాలు (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతది; సికింద్రాబాద్ రాణిగంజ్‌ల దొరుకుతయి). నీళ్ళల్లో రెండు చుక్కలు షాంపూ కలిపి, పేపర్ తడుపుతూ పట్టీ పొడుగునా ఒకే దిక్కు రుద్దాలి, గుండ్రంగా తిప్పొద్దు. తర్వాత 1500, 2000. నంబర్ మార్చేముందు కడిగి, ఏటవాలుగా వెలుతురు పడేటట్టు చూడండి, పాత గీత ఒక్కటి మిగిలినా పాలిష్ అయినంక అదే మెరుస్తది.

ఆఖర్న పాత బనీన్ గుడ్డతో మెటల్ పాలిష్. గుడ్డ నల్లగా అయితుందంటే పని జరుగుతున్నట్టే. మన ఎండల మధ్యాహ్నం మాత్రం చేయకండి, పాలిష్ ఎండి తెల్లగా అతుక్కుంటది.