సముద్రం ముందున్న ఇంటికి అద్దాల గది: తుఫాన్ల కాలం రాకముందే చూసుకోవాల్సినవి

విశాఖలో సముద్రం కనబడే ఇళ్ళలో సిట్-అవుట్‌నో, బాల్కనీనో, డాబా మీద ఖాళీ జాగానో అద్దాలతో మూసి గది చేసుకోవడం మామూలైపోయింది. వాన జల్లు లోపలికి రాదు, ఇసుక రాదు, కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎదురుగా సముద్రం. ఫ్రేములు, అద్దాలు, పైన ఒక షీటు అనగానే చిన్న పనే అనిపిస్తుంది. తెరిచి ఉన్న వరండాలో గాలి దూసుకుపోతుంది. మూసేశాక అదే గాలి ఆ గదిని గుద్దుతుంది. తేడా అక్కడే వస్తుంది.

ఆ గుద్దు ఎంతో లెక్క వేసి చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం కట్టడాల లెక్కకని విశాఖకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఊరు చూసింది దాదాపు అంత గాలినే. ఆ వేగానికి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఒక్క అద్దం మీద 340 కిలోలు. పైగా మూలల దగ్గర గాలి లోపలికి తొయ్యడమే కాదు, బయటికి పీకుతుంది కూడా. తుఫాను కన్ను, అంటే మధ్యలోని ప్రశాంత భాగం, దాటాక ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. కాబట్టి సముద్రం వైపు ఒక్కటే గట్టిగా కడితే చాలదు.

ముందుగా ఒక మాట. హాలు పెద్దదవుతుందని హాలుకూ సిట్-అవుట్‌కూ మధ్య గోడ, తలుపు తీయించేస్తున్నారు. ఆ పని చేయకండి. ఒక్క అద్దం పగిలి గాలి లోపలికి చొరబడితే పైకప్పును కింద నుంచి ఎత్తుతుంది, మిగతా అద్దాలను లోపలి నుంచి తోస్తుంది. లోపలి తలుపు, దాని గడియ ఉంటే పోయేది ఆ గది ఒక్కటే. లేకపోతే ఇంట్లోకే తుఫాను. నీళ్ళు హాల్లోకి రాకుండా ఆ గది నేల కూడా హాలు నేలకన్నా కనీసం 40 మి.మీ. కిందికి ఉండాలి.

ఎప్పుడు, ఎవరిని అడిగి

బంగాళాఖాతంలో తుఫాన్లకు రెండు కాలాలు: ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వరకు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రెండోది, గట్టిది. సెప్టెంబరును వదిలేయకండి, 2021లో గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది సెప్టెంబరు 26న. పని జనవరిలో మొదలుపెట్టి మార్చి లోపు తేల్చుకోవడం మేలు. పైకప్పు వేసి పక్కలు మూయకుండా వదిలేసిన గది అన్నిటికన్నా ప్రమాదం, అది గొడుగు లెక్క. ఆ స్థితిలో వర్షాకాలంలోకి వెళ్ళొద్దు.

అనుమతుల సంగతి క్లుప్తంగా. తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ 2019 ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రతను బట్టి పోటు గీత నుంచి 50 లేదా 200 మీటర్ల వరకు కొత్త కట్టడం కూడదు. నగరంలో నిబంధన వేరు. ఆ నోటిఫికేషన్ ప్రకారం మీ ఇల్లు ఏ జోన్‌లో ఉందో, ప్లానులో ఆ సిట్-అవుట్ ఏమని ఉందో మున్సిపాలిటీలో చూపించి రాతపూర్వకంగా తీసుకోండి. అపార్ట్‌మెంటయితే అసోసియేషన్ ఒప్పుదల కూడా.

కింద ఏముందో చూడకుండా పైన బిగించొద్దు

సముద్రం గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. చువ్వ ఉబ్బి పెచ్చులు ఊడతాయి. అంచు వెంట చిన్న సుత్తితో అడుగుకొక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ వెళ్ళండి. గణగణమంటే సరే. డొల్ల శబ్దం వచ్చినా, కింద నుంచి ఎర్రటి చార కనబడినా అక్కడ బోల్టు నిలవదు. ముందు ఆ కాంక్రీటు బాగు చేయించాలి.

ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ అయితే మరీ జాగ్రత్త. చాలామంది కింద మూడడుగుల గోడ, పైన అద్దాలు అనుకుంటారు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మూడడుగుల ఎత్తుకు, రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో కలిపి, మీటరు పొడవుకు 230 కిలోలకు పైగా తూగుతుంది. ఆ బరువంతా పడేది బాల్కనీ కొసన, ఎక్కడ పడకూడదో అక్కడ. స్ట్రక్చరల్ ఇంజనీరు శ్లాబు చూసి చెప్పేదాకా గోడ మాట ఎత్తొద్దు.

ఫ్రేముల్ని ఇటుక పిట్టగోడకు ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూలతో బిగించడం మా లెక్కలో బిగించడమే కాదు. కాంక్రీటుకే బిగించాలి. పిట్టగోడ ఇటుకదైతే పైన చువ్వలతో కాంక్రీటు పట్టీ పోయించి, దాన్ని కింద శ్లాబుకు కట్టాలి. బయటి ఫ్రేముకు 10 లేదా 12 మి.మీ. యాంకర్ బోల్టులు, మూల నుంచి 150 మి.మీ. లోపు మొదటిది, తర్వాత 300 నుంచి 450 మి.మీ.కు ఒకటి. శ్లాబు అంచుకు దగ్గరగా వేయాల్సి వస్తే బిగిస్తే వ్యాకోచించే బోల్టు వద్దు, అంచు చీలుతుంది. రంధ్రంలో జిగురుతో పట్టే రసాయన యాంకర్ వాడండి. అది పట్టాలంటే రంధ్రంలో దుమ్ము ఉండకూడదు: ఊది, బ్రష్‌తో తుడిచి, మళ్ళీ ఊదాలి. పనివాళ్ళు ఒకసారి ఊది ఊరుకుంటారు. దగ్గరుండి చూడండి.

లోహం, అద్దం

'స్టీలే కదా' అని కొట్టులో ఇచ్చే స్క్రూ చాలాసార్లు 202 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. సముద్రం ముందు అది తొందరగా గోధుమరంగు కారుస్తుంది. 304 కూడా మరకలు పడుతుంది. బోల్టులు, స్క్రూలు, బందులు 316 రకమే అడగండి, బిల్లు మీద రాయించండి. అలాగని 316ను నేరుగా అల్యూమినియానికి ఆనించి బిగిస్తే ఉప్పు తడిలో స్క్రూ బాగానే ఉంటుంది, దాని చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు ఉండాలి. అల్యూమినియం పౌడర్ కోటింగ్ 60 మైక్రాన్లకు తగ్గకూడదు, అనోడైజింగ్ అయితే 20 నుంచి 25. తడి సిమెంటు తగిలినా ఆ పూత తినేస్తుంది కాబట్టి ప్లాస్టరింగ్ అయ్యేదాకా ఫ్రేము మీద టేపు పీకనివ్వొద్దు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేములు పెట్టుకుంటే లోపల జింకు పూత స్టీలు గొట్టం ఉందో లేదో బిగించకముందే కొస వైపు నుంచి చూడండి. లేనిది వంగుతుంది.

అద్దం విషయంలో టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచినది) ఒక్కటే సరిపోతుందని చెప్పేవాళ్ళు ఎక్కువ. అది పెద్ద గాయం చేయకుండా చిన్న ముక్కలుగా పగులుతుంది, నిజమే. కానీ పగిలిందంటే మొత్తం రాలిపోయి అక్కడ కిటికీ అంత కన్నం మిగులుతుంది. ఎగిరొచ్చిన రేకు ముక్క ఒక్కటి చాలు. రెండు టఫెన్డ్ పలకల మధ్య 1.52 మి.మీ. ప్లాస్టిక్ పొర పెట్టిన లామినేటెడ్ అద్దమైతే పగిలినా ఫ్రేములోనే వేలాడుతూ గాలిని ఆపుతుంది. వెడల్పు మూడడుగులు దాటకుండా చూసుకుని 5+5 మి.మీ. నుంచి ఆలోచన మొదలుపెట్టండి, చివరి మందం ఇంజనీరు లెక్క ప్రకారం. పలక ఫ్రేములోకి 12 మి.మీ.కు తక్కువ కాకుండా దిగాలి. టఫెన్ చేశాక కోయడం, కన్నం పెట్టడం కుదరదు కనుక కొలతలు రెండుసార్లు తీయించండి.

సిలికాన్ గొట్టం విప్పగానే వెనిగర్ వాసన గుప్పుమంటే దాన్ని పక్కన పెట్టేయండి. ఆ ఆమ్లం సిమెంటు మీద పట్టు నిలవనివ్వదు, లోహాన్ని తినేస్తుంది, లామినేటెడ్ అద్దం అంచున పొరను పాడు చేస్తుంది. న్యూట్రల్ రకం కావాలి. సందు కనీసం 6 మి.మీ., లోపల నురగ తాడు, పైన సిలికాన్. గోడ చెమ్మగా ఉన్న పొద్దుటి పూట వేస్తే పట్టదు.

నీళ్ళు పైకి ఎక్కుతాయి

గాలివానలో స్లైడింగ్ కిటికీ ట్రాక్ ఎందుకు పొంగుతుందో చాలామందికి అర్థం కాదు. అంతకు ముందు చెప్పిన ఒత్తిడినే నీటి ఎత్తులోకి మారిస్తే 150 మి.మీ. అవుతుంది. అంటే ఆ గాలి ట్రాక్‌లో నిలిచిన నీటిని అరడుగు ఎత్తుకు నెట్టగలదు. ట్రాక్ వెనక అంచు ఉండేది మహా అయితే 40, 50 మి.మీ. బయటికి పోవాల్సిన కన్నాల్లోంచే నీరు లోపలికి చిమ్ముతుంది. అందుకే సముద్రం వైపు బయటికి తెరుచుకుని, మూస్తే రబ్బరు గాస్కెట్ నొక్కుకునే రెక్క కిటికీలే పెట్టండి, గడియ రెండు మూడు చోట్ల పడేలా. స్లైడింగ్ కావాలంటే పక్క వైపు. నీరు వచ్చే తీరుతుందనుకుని గది నేలను బయటికి మీటరుకు 12 మి.మీ. వాలుగా వేయించి, రెండు మూలలా గొట్టాలు పెట్టించండి. ప్లగ్ పాయింట్లు నేలకు అడుగున్నర పైన, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) వెనక ఉండాలి.

పైకప్పు పాలీకార్బనేట్ అయితే అది ఎండకు మీటరుకు 3 మి.మీ. వరకు సాగుతుంది. రంధ్రం స్క్రూకన్నా పెద్దదిగా పెట్టి గొడుగు వాషరు వేయకపోతే స్క్రూ చుట్టూ చీలుతుంది. పూత ఉన్న ముఖం పైకి ఉండాలి. తిరగేసి వేస్తే త్వరగా పసుపు తిరుగుతుంది. మా సలహా అడిగితే తూర్పు ఎండ పడే ఇంటికి పైన షీటు కాదు, శ్లాబే. పారదర్శక కప్పు కింద మే నెలలో పదింటి తర్వాత ఎవరూ కూర్చోరు.

ఇక ఉక్క. వర్షాకాలంలో విశాఖ గాలి 25 డిగ్రీల దగ్గరే చెమ్మ వదిలేస్తుంది. హాలులో ఏసీ 22లో పెడితే అద్దాల గది వైపున్న గోడ మీద, తలుపు మీద చెమట పట్టి, నెలలో బూజు వస్తుంది. ఏసీ 25, 26 కన్నా కిందికి తగ్గించకండి. అద్దాల గదికి కింద ఒక వెంటు, పైన ఒక వెంటు ఎదురెదురుగా ఉంచండి, వానకు మూసుకునే రకం. ఏసీ బయటి యూనిట్‌ను, గ్యాస్ గీజర్‌ను ఆ గదిలో మూసేయకూడదు. ఒకటి వేడిని తిప్పి తిప్పి కొడుతుంది, రెండోది ప్రాణం తీస్తుంది.

సెప్టెంబరు మొదటి వారం, హెచ్చరిక వచ్చిన రోజు

ఏటా సెప్టెంబరు మొదట్లో ఒక పూట కేటాయించండి. బోల్టులన్నీ స్పానరుతో తిప్పి చూడాలి, తిరిగినది వదులైనట్టే. నీళ్ళు పోయే కన్నాల్లో పిన్ను పెట్టి ఇసుక తీయాలి. గాస్కెట్ వేలితో నొక్కితే తిరిగి లేవకపోతే మార్చాలి. ఫ్రేములూ, బందులూ పదిహేను రోజులకోసారి మంచినీళ్ళతో కడిగితే తుప్పు తగ్గుతుంది. వాన జల్లు తగలని పైభాగాలే ముందు తినేస్తాయి, అక్కడ ఉప్పు కడుక్కుపోయే దారి లేదు.

తుఫాను హెచ్చరిక వచ్చాక కుండీలు, కుర్చీలు లోపలికి తెచ్చేయండి. గడియలన్నీ వేయండి. అద్దం మీద టేపు అతికిస్తే ఏమీ ఆగదు, ఆ శ్రమ వద్దు. ఒత్తిడి సర్దుకుంటుందని ఒక కిటికీ తెరిచిపెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. లోపలి తలుపు గడియ పెట్టి, ఆ గది కరెంటు ఆపేసి, గాలి పూర్తిగా తగ్గేదాకా అటు వెళ్ళకండి. మధ్యలో ఉన్నట్టుండి ప్రశాంతమైతే అది కన్ను. తగ్గాక ముందు మంచినీళ్ళు పట్టి ఉప్పంతా కడిగి, ఆ తర్వాతే నష్టం చూసుకోండి.