పిడుదు కరిస్తే వ్యాజలీన్ పూయకండి

న్యూజెర్సీ, కనెటికట్ వైపు ఉన్న మనవాళ్లు మే నుంచి జూలై దాకా ట్రెయిల్‌కి (అడవి బాటల్లో నడకకి) వెళ్లొచ్చాక పిడుదులు (టిక్స్) పట్టాయేమో ఒళ్లంతా వెతుక్కోండి. లైమ్ జబ్బు అంటించే నల్లకాళ్ల పిడుదు పిల్ల గసగసాల గింజంతే ఉంటుంది. మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో, పిల్లలకైతే జుట్టులోనూ చూడాలి. కనిపిస్తే వ్యాజలీన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం దయచేసి వద్దు. సన్నమొన ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. లైమ్ క్రిమి ఒంట్లోకి చేరడానికి సాధారణంగా 24 గంటలకు పైనే పడుతుంది, అందుకే ఆ రాత్రే చూసుకోవాలి. విప్పిన బట్టల్ని ఉతక్కముందే, పొడిగా ఉండగా, డ్రయర్‌లో బాగా వేడి మీద 10 నిమిషాలు తిప్పితే వాటిలో దాగినవి చస్తాయి. 30 రోజుల్లోపు ఎర్రమచ్చ పెద్దదవుతూ పోయినా, జ్వరమొచ్చినా డాక్టరుకు పిడుదు సంగతి ముందే చెప్పండి.