డస్ట్ మైట్ ఎలర్జీ ఉంటే పడకగదిని ఎలా సర్దుకోవాలి?

డస్ట్ మైట్ ఎలర్జీ అని పరీక్షలో తేలగానే చాలామంది చీపురు పట్టుకుని ఇల్లంతా దులిపేస్తారు. దాంతో తుమ్ములు ఇంకా పెరుగుతాయి. చూసుకోవాల్సింది ముందు పరుపుని. డస్ట్ మైట్లనే ఈ పురుగులు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. రాత్రంతా మనం ఆ పొట్టు రాల్చేది పరుపు మీదే కదా! ఎలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి రెట్టలోని ప్రోటీన్లు. అందుకే స్ప్రే కొట్టి పురుగుల్ని చంపినా ముక్కు కారడం ఆగదు.

పరుపుకీ ప్రతి దిండుకీ జిప్పున్న మైట్‌ప్రూఫ్ తొడుగులు, ఒక మాస్కు, తడిగుడ్డ, గదిలో తేమ చూసుకోవడానికి హైగ్రోమీటర్ ఉంటే చాలు. కార్పెట్, దళసరి కర్టెన్లు, మంచం కింద కుక్కిన పాత బట్టలు గదిలోంచి తీసేయండి.

ఇక తొడుగు. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. మామూలుగా దొరికే మ్యాట్రెస్ ప్రొటెక్టర్ పరుపు పైభాగాన్ని కప్పి, మూలల్లో ఎలాస్టిక్‌తో పట్టుకుంటుంది. నీళ్ళు ఒలికినప్పుడు పనికొస్తుందేమో గానీ ఎలర్జీకి కాదు. మీరు అటూ ఇటూ దొర్లినప్పుడల్లా పరుపు కొలిమితిత్తిలా నొక్కుకుని, మూయకుండా వదిలేసిన వైపుల నుంచి లోపలి రెట్ట ధూళిని బయటికి ఊదుతుంది. కాబట్టి ఆరు వైపులా మూసే తొడుగే కొనండి. నేత రంధ్రాలు 10 మైక్రాన్ల కంటే చిన్నవని దాని మీద రాసి ఉండాలి. ప్లాస్టిక్‌ది వద్దే వద్దు, చెమటకి నిద్ర పట్టక నాలుగో రోజుకే పీకేస్తారు.

తొడిగేటప్పుడు ఎలర్జీ ఉన్న మనిషి గదిలో ఉండకూడదు. పరుపు లోపలిదాకా పొడిగా ఉందో లేదో చూడండి, చెమ్మ ఉంటే లోపల బూజు పడుతుంది. ఇద్దరు కలిసి పరుపుని నిలబెట్టి, తొడుగుని పైనుంచి మెల్లగా దించండి. ఒక్కరే పట్టుకుని ఈడిస్తే కుట్లు విడిపోతాయి, కుట్టు విడిన తొడుగు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. జిప్పు కాళ్ళవైపే రావాలి. పూర్తిగా వేశాక దాని చివర వేలితో తడిమి చూడండి, అక్కడ చిన్న సందు మిగులుతుంది. దానిమీద గట్టి టేపు అంటించండి. ఆఖరున తొడుగంతా తడిగుడ్డతో తుడవండి. పక్కన పడుకునేవాళ్ళ దిండుకీ, అదే గదిలో ఇంకో మంచముంటే ఆ పరుపుకీ కూడా వేయాల్సిందే.

దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. చన్నీళ్ళు రెట్టని చాలావరకు కడిగేస్తాయి గానీ పురుగుల్ని చంపవు. వేడికి పాడయ్యే పిల్లల బొమ్మల్ని సంచిలో కట్టి రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఉతకండి.

పరుపుని ఎండలో వేస్తే చాలంటారు. ఎండకి పైన ఆరుతుంది, లోపలి రెట్ట లోపలే ఉంటుంది. ఎయిర్ ప్యూరిఫైయర్ మీద కూడా డబ్బు తగలేయకండి. ఈ రెట్ట రేణువులు బరువైనవి, కాసేపటికే కిందికి దిగిపోతాయి, యంత్రం దాకా చేరేవి తక్కువ.

డస్ట్ మైట్లు నీళ్ళు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. అందుకే హైగ్రోమీటర్ 50 శాతం లోపు చూపించేలా చూసుకోండి. తడిబట్టలు పడకగదిలో ఆరేయకండి, లేవగానే పక్క మడిచేయకండి. నేలని తడిగుడ్డతోనే తుడవాలి. వాక్యూమ్ వాడితే సన్నటి ధూళిని కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్నదే వాడండి, ఊడ్చాక అరగంట గదిలోకి వెళ్ళకండి.

తొడుగులు వేసి మిగతావన్నీ వదిలేస్తే పెద్దగా లాభం ఉండదు, అన్నీ చేసినా తేడా తెలియడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఉబ్బసం ఉన్నవాళ్ళు కాస్త తేలికపడ్డామని ఇన్‌హేలర్ సొంతంగా మానేయకండి, డాక్టరు చెప్పాకే తగ్గించండి.